లాంగ్ చెస్ గేమ్ మధ్యలో నెట్ పోతోందా? లైన్ ఎక్కడ తెగుతోందో ఇలా పట్టుకోండి

ఆన్‌లైన్‌లో చెరో 45 నిమిషాలు, గంట పెట్టుకుని ఆడేవాళ్లకు నెట్ పోవడమంటే మామూలు దెబ్బ కాదు. కొద్ది నిమిషాల బ్లిట్జ్‌లో పోతే ఇంకో గేమ్ మొదలుపెట్టుకుంటాం. ఇక్కడ రెండు గంటల శ్రమ, ఓపిగ్గా గెలుపు దాకా తెచ్చుకున్న ఏనుగుల ఎండ్‌గేమ్ గంగలో కలుస్తాయి. లీచెస్ అనే చెస్ సైట్‌లో మీ కనెక్షన్ తెగినా మీ గడియారం ఆగదు. కాసేపు చూశాక ప్రత్యర్థికి గెలుపు తీసుకునే బటన్ వస్తుంది. అతను నొక్కితే తప్పు పట్టడానికి కూడా లేదు.

దీనికి మన హైదరాబాద్‌లో ఎవరిని అడిగినా రెండే మందులు చెప్తారు. రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యి, లేదా 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసేసి 300 పెట్టించు. రెండూ దండగ. ఒక ఎత్తు సర్వర్‌కి చేరడానికి చాలా కొద్దిపాటి డేటా చాలు, ఆ ప్లాన్‌లో వందో వంతు కూడా అక్కర్లేదు. చెస్‌కి స్పీడుతో పని లేదు, లైన్ తెగకుండా ఉంటే చాలు. అందుకే స్పీడ్ టెస్ట్ చూసి "నెట్ బాగానే ఉంది కదా" అనేవాళ్ల మాట నమ్మొద్దు. ఆ టెస్ట్ నడిచిన అర నిమిషం సంగతే అది చెప్తుంది.

1. ముందు సులువైనవి

లాన్ కేబుల్ కొనండి. క్యాట్ 6 చాలు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీలో పొడవు చెప్తే కోసి, చివర్లు క్రింప్ చేసి ఇస్తారు. లాంగ్ గేమ్ వైఫై మీద ఆడకూడదు, అంతే. వైఫైని దూరం దాకా అందించే ఎక్స్‌టెండర్ పెట్టుకున్నామనో, మెష్ పెట్టుకున్నామనో చెప్పొద్దు. తెగడానికి ఇంకో చోటు డబ్బిచ్చి కొన్నట్టే అది. కూకట్‌పల్లిలోనో మియాపూర్‌లోనో ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా వైఫై లిస్టు తెరిచి చూడండి, పక్క ఫ్లాట్ల పేర్లు స్క్రీన్ నిండా వస్తాయి. వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11 మూడే. అన్ని ఇళ్లూ వాటి మీదే కొట్టుకుంటాయి. కేబుల్ లాగడం ఎలాగూ కుదరకపోతే రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి వేరే పేరు పెట్టి, ల్యాప్‌టాప్‌ని దానికే కట్టేయండి.

స్లీప్ మోడ్ తీసేయండి. పన్నెండో ఎత్తు దగ్గర మీరు ఇరవై నిమిషాలు ఆలోచిస్తుంటే, మనిషి లేడనుకుని ల్యాప్‌టాప్ పడుకుంటుంది. విండోస్ డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్‌కి, కరెంటు ఆదా కోసం దాన్ని ఆపేయొచ్చు అనే టిక్కు ఒకటి ఉంటుంది, అదీ తీసేయండి. ఇంట్లో ఫోన్ల ఫోటో బ్యాకప్ గేమ్ అయ్యేదాకా ఆపించండి. ఫోన్‌లో లాంగ్ గేమ్ అసలు ఆడొద్దు.

2. అసలు పని: ఎక్కడ తెగుతోందో చూడటం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. నెట్ పోయింది అనుకునేది నాలుగు వేర్వేరు చోట్ల జరిగి ఉండొచ్చు: ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య, రౌటర్ నుంచి ఆపరేటర్ దాకా, ఆపరేటర్ దాటాక బయట, లేదా చెస్ సైట్ దగ్గరే. ఒక్కోదానికి మందు వేరు. ఎక్కడో తెలియకుండా ఏది చేసినా చీకట్లో రాయి వేయడమే.

గేమ్ మొదలుకాకముందే కమాండ్ ప్రాంప్ట్ రెండు కిటికీల్లో తెరవండి. మొదటిదాంట్లో ఐపీకాన్‌ఫిగ్ (ipconfig) అని కొడితే డిఫాల్ట్ గేట్‌వే కనిపిస్తుంది. ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది, అదే మీ రౌటర్. ఇప్పుడు ఒక కిటికీలో రౌటర్‌కి, రెండోదాంట్లో 8.8.8.8కి (అది బయట ఉన్న గూగుల్ సర్వర్) పింగ్ (ping) పెట్టండి, అంటే "ఉన్నావా" అని అడిగి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడటం. నంబరు తర్వాత ఒక ఖాళీ వదిలి మైనస్ టి (-t) తప్పకుండా కలపాలి. అది లేకపోతే నాలుగు సార్లు అడిగి ఆగిపోతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి, గేమ్ అయ్యేదాకా నడవనివ్వండి.

ఇక చదవడం. ఎడమ కిటికీలో రౌటర్ లైన్లు ఒకటి, రెండు మిల్లీసెకన్లతో వరసగా దిగుతుంటాయి. ఉన్నట్టుండి కుడి కిటికీలో "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" పడి, ఎడమది మాత్రం మామూలుగానే నడుస్తుంటే ల్యాప్‌టాప్ నుంచి రౌటర్ దాకా తప్పు లేదు, తెగింది రౌటర్ దాటాక. రెండూ ఒకేసారి ఆగితే తప్పు ఇంట్లోనే: వైఫై, కేబుల్, లేదా కరెంటు పోయిన రౌటర్. ఎడమదాంట్లోనే 3 నుంచి 900కి ఎగిరి మళ్లీ 3కి దిగుతుంటే అది వైఫై రోగం. ఆపరేటర్‌కి ఫోన్ చేసి తిట్టి లాభం లేదు. రెండూ చక్కగా నడుస్తూ బోర్డు మాత్రం కదలకపోతే సైట్ దగ్గరో, దాని దాకా వెళ్లే దారిలోనో ఏదో అయింది. లీచెస్‌లో ల్యాగ్ పేజీ ఉంది, మీ నెట్‌వర్క్ ఆలస్యం ఎంతో, వాళ్ల సర్వర్ ఆలస్యం ఎంతో విడివిడిగా చూపిస్తుంది. ఆ సర్వర్లు ఫ్రాన్స్‌లో ఉంటాయి కాబట్టి వంద మిల్లీసెకన్లు దాటి కనిపించినా కంగారు పడొద్దు. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడైతే మనవైపు నుంచి యూరప్‌కి ఇంకా ఎక్కువే పట్టింది.

ఒక్క పింగ్ పోతే లెక్కలోకి తీసుకోవద్దు. వరసగా మూడు, నాలుగు పోతేనే తెగినట్టు. తెగిన ప్రతిసారీ టైమ్ రాసుకోండి. స్కోర్ షీట్ రాసే అలవాటుంటే ఆ ఎత్తు పక్కనే రాయండి, వేరే కాగితం అక్కర్లేదు.

ఇంకో మాట, దయచేసి పాటించండి: తెగిన క్షణంలో రౌటర్ స్విచ్ మీద చెయ్యి వేయొద్దు. మామూలుగా తెగిన లైన్ చాలాసార్లు కొన్ని సెకన్లలో తనే వస్తుంది. రౌటర్ ఆపి వేస్తే మళ్లీ లేచి, ఆపరేటర్ దగ్గర లాగిన్ అయ్యేసరికి నిమిషాలు పోతాయి, అవి మీ గడియారంలోంచే పోతాయి. పైగా దొంగ దొరికే సమయానికి ఆనవాళ్లు తుడిచేసినట్టవుతుంది. ముందు ఫైబర్ డబ్బా లైట్లు చూడండి. ఎల్‌ఓఎస్ (LOS) అని రాసిన లైటు ఎర్రగా వెలిగితే ఫైబర్‌లో వెలుతురు రావడం లేదని అర్థం. మీరు ఎన్నిసార్లు ఆన్ చేసినా అది రాదు.

3. కరెంటు

గాలివాన సాయంత్రాల్లో సగం గేములు పోయేది దీనివల్లే. ఇన్వర్టర్ ఉన్నా, మారే ఆ చిన్న సందులో రౌటర్ రీస్టార్ట్ అవుతుంది. ఇన్వర్టర్ మీద యూపీఎస్, ఎకో అని స్విచ్ ఉంటే యూపీఎస్‌లో పెట్టండి. ఇంకా మంచిది, 12 వోల్టుల మినీ యూపీఎస్. రౌటర్, ఫైబర్ డబ్బా వేరువేరుగా ఉంటే రెండింటికీ ఇవ్వాలి. అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు సరిచూసుకునే కొనండి.

మీ ఇంట్లోకి వచ్చేది సన్నటి ఫైబర్ తీగా, లేక మామూలు లాన్ కేబులా చూడండి. లాన్ కేబుల్ అయితే మెట్ల కిందో, టెర్రస్ మీదో ఆపరేటర్ స్విచ్ డబ్బా ఉంటుంది. బిల్డింగ్ కరెంటు పోతే అదీ పోతుంది, మీ ఇంట్లో ఎన్ని యూపీఎస్‌లున్నా ఉపయోగం ఉండదు. దానికి బ్యాకప్ పెట్టమని ఆపరేటర్‌ని, అసోసియేషన్‌ని అడిగి చేయించుకోవాలి.

4. మన చేతిలో లేనప్పుడు

2025 ఆగస్టులో కరెంటు స్తంభాల మీది కేబుళ్లు తొలగించినప్పుడు నగరంలో చాలా కాలనీలకు నెట్ లేదు. పెద్ద ఆటగాళ్లకూ ఇది తప్పలేదు: 2020 ఆగస్టు 30న ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే ఆన్‌లైన్ ఒలింపియాడ్ ఫైనల్లో రష్యాతో ఆడుతూ మన జట్టు నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్ కనెక్షన్ తెగి టైమ్ మీద ఓడిపోయారు. హంపి, హారిక, హరికృష్ణ ఉన్న జట్టు అది. అంతరాయం ప్రపంచమంతటా వచ్చిందని తేలాక ఫిడే రెండు జట్లనూ సంయుక్త విజేతలుగా ప్రకటించింది. మన రేటింగ్ గేములకు అలాంటి అప్పీలు ఉండదు కాబట్టి రెండో లైన్ సిద్ధంగా ఉండాలి.

ఫోన్ సిమ్ మీ బ్రాడ్‌బ్యాండ్ కంపెనీది కాకుండా చూసుకోండి, ఒకే కంపెనీ అయితే రెండూ కలిసే పడొచ్చు. హాట్‌స్పాట్ కన్నా యూఎస్‌బీ టెథరింగ్, అంటే ఫోన్ నెట్‌ని కేబుల్ మీదుగా ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం, నయం. గేమ్‌కి ముందే కేబుల్ గుచ్చి ఉంచండి. తెగాక కుడి కిటికీలో పది లైన్లు పోయేదాకా ఆగి, టెథరింగ్ ఆన్ చేసి, పేజీ ఒక్కసారి రిఫ్రెష్ చేయండి. గేమ్ సర్వర్‌లో ఉంటుంది, ఆగిన చోటే కనిపిస్తుంది. ఇదంతా ఒకసారి క్యాజువల్ గేమ్‌లో చేసి చూసుకోండి. గడియారం తిరుగుతుంటే ఆ టెన్షన్‌లో సెట్టింగ్ ఎక్కడుందో గుర్తు రాదు.

5. ఆపరేటర్‌కి చెప్పడం

"నెట్ సరిగా రావట్లేదు" అంటే ఫోన్‌లోనే రౌటర్ రీస్టార్ట్ చేయమని పెట్టేస్తారు. మీరు రాసుకున్న టైములు చదివి వినిపించండి, ఆ సమయాల్లో రౌటర్ పింగ్ బాగానే ఉందని చెప్పండి. టెక్నీషియన్ వస్తే మీటర్ పెట్టి ఫైబర్ రిసీవ్ పవర్, అంటే మీ దాకా చేరే వెలుతురు బలం, చూపించమనండి. మైనస్ 27 డీబీఎమ్‌కి (ఆ బలాన్ని కొలిచే లెక్క) దగ్గరగా గానీ, దాన్ని దాటి మైనస్ 28, 29 అలా గానీ ఉంటే లైన్ ఊగుతూనే ఉంటుంది. ఎక్కడో తీగ బాగా వంగి ఉంటుంది, లేదా కనెక్టర్ పాడై ఉంటుంది. కనెక్టర్ మార్చాక మళ్లీ మీటర్ పెట్టించి, అంకె మారిందని చూశాకే అతన్ని పంపండి.