వేరే ప్రాసెస్ మెమరీలో చెయ్యి పెట్టే ముందు

నడుస్తున్న ఇంకో ప్రోగ్రామ్ మెమరీని చదివే, మార్చే లైబ్రరీ చేతికి రాగానే ముందు ఏదో ఒక విలువ మార్చి చూడాలనిపిస్తుంది. దయచేసి మొదట్లో రాసే పని పెట్టుకోకండి. చదవడంలో తప్పు జరిగితే మీకు ఎర్రరో, అర్థంలేని అంకెలో వస్తాయి, అంతే. రాయడంలో తప్పు జరిగితే అవతలి ప్రోగ్రామ్ క్రాష్ అవుతుంది. క్రాష్ అవ్వకపోతే ఇంకా ప్రమాదం: పాడైన డేటానే అది ఫైల్లో సేవ్ చేసేస్తుంది.

మీ సొంత ప్రోగ్రామ్ మీదో, అనుమతి ఉన్నదాని మీదో మాత్రమే పని చేయండి. ఆన్‌లైన్ గేముల జోలికి వెళ్తే అకౌంట్ పోవచ్చు.

విండోస్‌లో ప్రాసెస్‌ను ఓపెన్ చేసేటప్పుడు చాలామంది అన్ని హక్కులూ ఒకేసారి అడుగుతారు. చదవడానికి చదివే హక్కు ఒక్కటి చాలు. అదొక్కటే అడిగితే, మీ కోడ్ పొరపాటున రాసే ఫంక్షన్‌ను పిలిచినా విండోసే ఆపేస్తుంది. నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మే రక్షణ ఇదే. మీ లైబ్రరీ లోపల ఏ హక్కులు అడుగుతోందో దాని సోర్స్ తెరిచి చూడండి.

లైనక్స్‌లో యామా అనే భద్రతా మాడ్యూల్ సెట్టింగ్ (ptrace_scope) 1గా ఉంటే, మీ టూల్ మొదలుపెట్టిన ప్రాసెస్‌లనే మామూలుగా చూడనిస్తుంది. దాన్ని 0 చేసి మర్చిపోవద్దు. టార్గెట్‌ను, అంటే మీరు చూడాలనుకున్న ప్రోగ్రామ్‌ను, మీ టూల్ నుంచే స్టార్ట్ చేస్తే ఆ అవసరమే రాదు. ఇంకో సంగతి: ప్రాక్ ఫోల్డర్‌లోని మెమ్ ఫైల్ (/proc/<pid>/mem) ద్వారా రాస్తే, సాధారణంగా రీడ్-ఓన్లీ పేజీల్లోకి (చదవడానికే అనుమతి ఉన్న మెమరీ ముక్కల్లోకి) కూడా రాత వెళ్లిపోతుంది. వేరే ప్రాసెస్‌లో రాయడానికి లైనక్స్ ఇచ్చే ప్రాసెస్-వీఎమ్-రైట్‌వీ (process_vm_writev) కాల్ మాత్రం పేజీ రక్షణను గౌరవిస్తుంది. లైబ్రరీ ఈ రెండిట్లో ఏది వాడుతోందో తెలియకుండా రాయడం మొదలుపెట్టకండి.

అడ్రస్‌ను అంకెగా కోడ్‌లో రాసి పెట్టుకుంటే, ఏఎస్‌ఎల్‌ఆర్ (ప్రోగ్రామ్ నడిచే అడ్రస్‌లను మార్చేసే భద్రతా పద్ధతి) వల్ల రేపు అక్కడ వేరేది ఉంటుంది. మెమరీలో ఆ ప్రోగ్రామ్ మాడ్యూల్ (దాని ఫైల్ లేదా లైబ్రరీ) మొదలయ్యే చోటు కనుక్కుని, దానికి ఆఫ్‌సెట్ (అక్కడి నుంచి ఉన్న దూరం) కలపండి. ప్రోగ్రామ్ అప్‌డేట్ అయితే ఆ ఆఫ్‌సెట్ కూడా మారవచ్చు. అందుకే రాసే ముందు అక్కడున్న పాత విలువను చదివి, మీరు అనుకున్నదేనా అని పోల్చండి. కాకపోతే ఆగిపోండి. అదే అయితే దాన్ని దాచుకుని, రాసి, మళ్లీ చదవండి.

సైజు విషయంలో నేను గట్టిగా దెబ్బతిన్నాను. నాలుగు బైట్ల సంఖ్య ఉన్న చోట ఎనిమిది బైట్లు రాశాను. నేను మార్చిన విలువ సరిగ్గానే కనిపించింది, పక్కనున్న ఫీల్డ్ మాత్రం సున్నా అయిపోయింది. కారణం దొరికేసరికి రెండు రోజులు పట్టింది. టార్గెట్ 32 బిట్ అయితే అందులో పాయింటర్ నాలుగు బైట్లే, మీ టూల్ 64 బిట్ అయినా సరే.

అడిగినన్ని బైట్లు వచ్చాయో లేదో ప్రతిసారీ చూడండి. లైనక్స్‌లో చదివే కాల్ (process_vm_readv) కొన్ని బైట్లే ఇచ్చి, ఎర్రర్ లేకుండా తిరిగి రావచ్చు. పైగా మీరు చదువుతుండగానే అవతలి థ్రెడ్లు విలువలు మారుస్తుంటాయి. పెద్ద స్ట్రక్చర్ చదివితే సగం పాతది, సగం కొత్తది రావచ్చు. రెండుసార్లు చదివి పోల్చండి, కుదిరితే ఆ కాసేపు ప్రాసెస్‌ను ఆపండి.

తీసిన మెమరీ డంప్‌లో పాస్‌వర్డ్‌లు, టోకెన్‌లు ఉండొచ్చు. బగ్ రిపోర్ట్‌కు జతచేసి పంపకండి, పని అవ్వగానే డిలీట్ చేయండి.