అప్రూవర్ కుటుంబానికి కొత్త పేరు, కొత్త ఊరు: సాక్షుల రక్షణ పథకానికి దరఖాస్తు విధానం

ఇంటాయన ఒక ముఠాతో తిరిగి కేసులో ఇరుక్కున్నాడు. ఇప్పుడు జరిగిందంతా కోర్టులో చెప్పేస్తానని అప్రూవర్‌గా మారాడు. ఆయన జైల్లో ఉంటే ఊళ్లో మిగిలేది భార్య, పిల్లలు, ముసలి తల్లిదండ్రులు. బెదిరింపులు వచ్చేది కూడా వాళ్లకే. రాజోలు కానివ్వండి, నరసాపురం కానివ్వండి, మన డెల్టాలో ఫలానావాళ్ల ఇల్లెక్కడ అంటే టీకొట్టు దగ్గరే గుమ్మం దాకా దారి చెప్పేస్తారు. ఆ మంచితనమే ఇలాంటి కుటుంబానికి ప్రాణం మీదికి తెస్తుంది.

"తప్పు చేసినవాడి పెళ్లాం పిల్లలం, మాకు ఎవరు రక్షణ ఇస్తారు" అనుకుని ఊరుకోవద్దు. అడిగే హక్కు మీకుంది. పిల్లలు ఏ నేరమూ చేయలేదు.

ఎవరు అడగొచ్చు

2018 డిసెంబరు 5న మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకం-2018ని ఆమోదించింది. చట్టం వచ్చేదాకా దేశమంతా దాన్నే చట్టంగా పాటించాలని చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 398వ సెక్షన్ కూడా ప్రతి రాష్ట్రం ఇలాంటి పథకాన్ని నోటిఫై చేయాలంటోంది. కింద చెప్పేది 2018 పథకం ప్రకారం. ప్రాసిక్యూషన్ ఆఫీసులో రాష్ట్రం ఫారం ఇస్తే అదే నింపండి.

ఈ పథకంలో సాక్షి అంటే నేరం గురించి సమాచారం గానీ, కాగితం గానీ దగ్గరున్న ఎవరైనా. గతంలో కేసులు ఉండకూడదన్న షరతు లేదు. అయితే కేసు పెద్దదై ఉండాలి: మరణశిక్ష, యావజ్జీవం, లేదా ఏడేళ్లు, ఆపైన జైలు పడే నేరాలు. మహిళలపై లైంగిక వేధింపులు, వెంటపడటం లాంటి కొన్ని నేరాలనూ ఇందులో చేర్చారు.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఇంటాయన నిందితుడు మాత్రమే అయి, సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకోకపోతే ఆయన తరఫున ఈ పథకం ఆ ఇంటికి వర్తించదు. అప్పుడు బెదిరింపుల మీద విడిగా పోలీసు ఫిర్యాదు ఇవ్వాలి. అప్రూవర్ అంటే సంహిత 343వ సెక్షన్ కింద కోర్టు క్షమాభిక్షకు ఒప్పుకున్నవాడు. తెలిసిందంతా దాచకుండా, నిజంగా చెప్పాలన్నదే అందులో షరతు. అప్పటికే బెయిల్ మీద లేకపోతే విచారణ ముగిసేదాకా ఆయన కస్టడీలోనే ఉండాలి. అంటే కొత్త ఊళ్లో కాపురం మొదలుపెట్టాల్సింది మొదట ఆయన లేకుండానే. ఇది తెలియకపోతే భార్యకు సగం టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

దరఖాస్తు ఎవరి పేరు మీద

చాలామంది పట్టించుకోని సంగతి ఇది. పథకంలో కుటుంబ సభ్యులంటే సాక్షి తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, జీవిత భాగస్వామి, సహజీవనం చేస్తున్నవారు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు, మనవలు. అత్తమామల మాట అందులో లేదు. భర్త పేరు మీద దరఖాస్తు పెట్టి, భార్య పిల్లల్ని తీసుకుని భీమవరంలో పుట్టింటికి వెళ్లిందనుకోండి. అక్కడ గొడవ జరిగితే ఆమె అమ్మానాన్నల పేర్లు జాబితాలోకి రావు. ఎవరు వచ్చిపోయేవారు, డబ్బు ఎవరి చేతికి ఇచ్చేవారు అన్నది భార్యకు కూడా తెలిసి ఉంటే ఆమె కూడా సాక్షే. ఆమె పేరు మీద ఇంకో దరఖాస్తు పెట్టడం మంచిది.

సాక్షి, కుటుంబ సభ్యులు, వాళ్ల లాయరు, దర్యాప్తు అధికారి, స్టేషన్ ఆఫీసరు, డీఎస్పీ, జైలు సూపరింటెండెంటు... వీళ్లలో ఎవరైనా దరఖాస్తు పెట్టొచ్చు. ఇంటాయన జైల్లో ఉంటే సూపరింటెండెంటు ద్వారా ఆయన, బయట నుంచి మీరు, ఇద్దరూ కదలండి. లాయరు ఫీజు గురించి భయపడొద్దు. మహిళలకు, పిల్లలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

ఎక్కడ ఇవ్వాలి, ఏం రాయాలి

సచివాలయంలో కాదు, మీసేవలో కాదు. ప్రతి జిల్లాలో ఒక స్టాండింగ్ కమిటీ ఉంటుంది. జిల్లా సెషన్స్ జడ్జి దానికి అధ్యక్షులు, జిల్లా ఎస్పీ సభ్యులు, జిల్లా ప్రాసిక్యూషన్ అధిపతి సభ్య కార్యదర్శి. దరఖాస్తు ఆ సభ్య కార్యదర్శి చేతికి వెళ్లాలి. కేసు చూస్తున్న పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారి ద్వారా పంపితే ఇంకా మేలు. నేరం ఏ జిల్లాలో జరిగిందో ఆ జిల్లా కమిటీకే ఇవ్వాలి. మీ ఇల్లు సఖినేటిపల్లిలో ఉన్నా, నేరం రేవు దాటి నరసాపురంలో జరిగితే దరఖాస్తు ఆ వైపుకే వెళ్లాలి.

ఫారంలో సాక్షి వివరాలు, ముప్పున్న కుటుంబ సభ్యుల వివరాలు, ఎఫ్‌ఐఆర్ నంబరు, సెక్షన్లు, పోలీస్ స్టేషన్, నిందితుల వివరాలు, బెదిరిస్తున్నవారు లేదా అనుమానం ఉన్నవారి వివరాలు అడుగుతారు. ఇవి ఎలాగూ నింపేస్తారు. అసలు బలమంతా బెదిరింపు ఎలాంటిదో చెప్పే గడిలో ఉంది. తేదీ, చోటు, ఎలా బెదిరించారు, ఏ మాటలన్నారు అని ఫారమే అడుగుతుంది. "మమ్మల్ని చంపుతామంటున్నారు, కాపాడండి" అని రాస్తే డీఎస్పీ గారు దేన్ని పట్టుకుని విచారిస్తారు? ఇలా రాయండి: "ఫలానా తేదీ సాయంత్రం ఆరింటికి, రావులపాలెం సెంటర్లో ఇద్దరు నా బండికి అడ్డం వచ్చి, మీ ఆయన కోర్టులో నోరు విప్పితే పిల్లాడు బడి నుంచి ఇంటికి రాడు అన్నారు. ఒకడి బండి నంబరు చివరి అంకెలు చూశాను." అన్న మాట అన్నట్టే రాయాలి. బూతు ఉంటే బూతే రాయండి, సిగ్గుపడొద్దు. కాల్ రికార్డులు, వాట్సాప్ మెసేజీలు చెరపకుండా జత చేయండి. చోటు చాలకపోతే అదనపు కాగితాలు పెట్టొచ్చు.

ఈ కాగితాన్ని ఊళ్లో జిరాక్స్ షాపులో టైపు చేయించొద్దు. చేతిరాతతో రాయండి, లేదా న్యాయ సేవాధికార సంస్థలో కూర్చుని రాయించుకోండి.

ఏ రక్షణ కావాలో, వెంటనే ఏం అవసరమో అడిగే గడులు రెండు వేరుగా ఉంటాయి. రెండోది ఖాళీగా వదలొద్దు. ముప్పు మీద పడేలా ఉంటే విచారణ పూర్తికాకముందే మధ్యంతర రక్షణ ఇవ్వొచ్చు.

ఇచ్చాక ఏం జరుగుతుంది

సబ్ డివిజన్ డీఎస్పీ నుంచి కమిటీ ముప్పు అంచనా నివేదిక తెప్పిస్తుంది. దానికి గడువు ఐదు పనిదినాలు. అందులో ముప్పును మూడు తరగతులు చేస్తారు. ప్రాణానికే అపాయమైతే ఏ. భద్రత, పరువు, ఆస్తికి అయితే బి. వేధింపు, బెదిరింపు స్థాయిలో ఉంటే సి. కమిటీ మీతో, వీలైతే నేరుగా, గోప్యంగా మాట్లాడుతుంది. నివేదిక అందిన ఐదు పనిదినాల్లో దరఖాస్తు తేల్చాలి. రక్షణ చర్యలు ఒక్కో విడతకు మూడు నెలలకు మించకుండా ఇస్తారు. గడువు తేదీ క్యాలెండర్లో గీసుకుని, ముందే పొడిగింపు అడగండి.

ఇంటి దగ్గర గస్తీ, సీసీ కెమెరాలు, ఫోన్ నంబరు మార్పు, కోర్టుకు తీసుకెళ్లి తీసుకురావడం, నిందితుడికి ఎదురుపడకుండా సాక్ష్యం చెప్పే ఏర్పాటు, కొంతకాలం వేరే చోట ఉంచడం, కొత్త పని మొదలుపెట్టుకోవడానికి సాక్షుల రక్షణ నిధి నుంచి డబ్బు సాయం... ఇవన్నీ పేరు మార్చకుండానే దొరుకుతాయి.

కొత్త పేరు అడిగేముందు

కేసు కాగితాల్లో మీ పేరు బయటికి రాకుండా చూడటం వేరు, మీకు కొత్త గుర్తింపు ఇవ్వడం వేరు. రెండో దాన్ని సాక్షే కోరాలి, ముప్పు నివేదిక దాన్ని బలపరచాలి. ఇస్తే కొత్త పేరు, వృత్తి, తల్లిదండ్రుల పేర్లు, వాటికి ప్రభుత్వ ఆఫీసులు ఒప్పుకునే పత్రాలు ఇస్తారు. దీన్నీ, ఊరు మార్చడాన్నీ రాష్ట్ర హోంశాఖ అమలు చేస్తుంది. ఊరు మార్పు రాష్ట్రంలోనే కాదు, దేశంలో ఎక్కడికైనా కావొచ్చు. ఖర్చు నిధి నుంచి పెడతారు.

భయంతో మీ అంతట మీరు గెజిట్‌లో పేరు మార్చుకోవద్దు. మామూలు పేరు మార్పులో పాత పేరు, కొత్త పేరు పక్కపక్కనే అచ్చవుతాయి. వెతికేవాడికి అది మనమే చీటీ రాసి ఇచ్చినట్టు.

కొత్త పేరు వల్ల చదువు, వృత్తి, ఆస్తి హక్కులు పోకూడదని పథకమే చెబుతోంది. కాబట్టి దరఖాస్తుతోపాటే ఒక జాబితా ఇవ్వండి: పిల్లల మార్కుల మెమోలు, టీసీలు, పొలం పాసుబుక్కు, కొబ్బరితోట, కౌలుకిచ్చిన చెరువు, డ్వాక్రా పొదుపు, బ్యాంకు ఖాతాలు. హడావుడిగా తోట అమ్మకానికి పెడితే వెళ్తున్నారన్న కబురు బ్రోకరు ద్వారానే పాకిపోతుంది. కౌలు డబ్బు ఇకపై ఎలా అందాలో ముందే కమిటీని అడగండి.

కాగితాలు మారినా మాట మారదు. మన "ఆయ్", మన సాగదీత వింటే అనంతపురంలోనైనా ఆదిలాబాద్‌లోనైనా "గోదావరి జిల్లాలా?" అని ఇట్టే పట్టేస్తారు. దాచడానికి తంటాలు పడే బదులు, మన యాస ఎప్పుడూ వినిపించే పెద్ద నగరం అడగడం నయమని నా అభిప్రాయం. పిల్లలకు కొత్త ఇంటిపేరు, గోత్రం, ఊరు అందరూ ఒకేలా చెప్పేదాకా నేర్పండి. మనవాళ్లు కలవగానే అడిగేవి అవే. సంక్రాంతికి, ప్రభల తీర్థానికి ఊరు లాగుతుంది. వెళ్లొద్దు. ఫొటో కూడా పంపొద్దు. ముసలివాళ్లకు ఇది చాలా కష్టం, అందుకే వాళ్లను కూడా వెంట తీసుకెళ్లమని దరఖాస్తులోనే అడగాలి.

ఉత్తర్వు నచ్చకపోతే

ఉత్తర్వు వచ్చిన 15 రోజుల్లో పునఃపరిశీలన కోరుతూ సభ్య కార్యదర్శికే మళ్లీ అర్జీ ఇవ్వొచ్చు. సమాచారం అబద్ధమని తేలితే ఖర్చు తిరిగి వసూలు చేసే వీలుంది, హామీపత్రం మీద సంతకం పెట్టేది అందుకే. రక్షణలో ఉండగా కొత్త బెదిరింపు వస్తే ముందు 112కి, వెంటనే సాక్షుల రక్షణ విభాగానికి (రక్షణ ఉత్తర్వును అమలు చేసే పోలీసు విభాగం) చెప్పండి. ఆ విభాగం కమిటీకి నెలనెలా నివేదిక ఇస్తుంది, మీ మాట అందులోకి ఎక్కాలి. విచారణ ముగిశాక కమిటీ తాజాగా ముప్పు నివేదిక తెప్పించుకుంటుంది. తీర్పు దగ్గరపడినప్పుడు జరిగినవన్నీ తేదీలతో నోటుపుస్తకంలో రాసి ఉంచితే డీఎస్పీ గారు అడిగిన రోజున చేతిలో పెట్టొచ్చు.