ఆటో బ్యాటరీ మీద ఎల్ఈడీ: కరెంటు నిలకడగా ఉండాలంటే

2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొట్టాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు వాకిట్లో ఆటో బ్యాటరీయే దిక్కు. అయితే పేరుకే అది 12 వోల్టులు. ఇంజిన్ నడుస్తుంటే 14.4 దాకా ఎక్కుతుంది, వాడేకొద్దీ 10.8కి దిగుతుంది.

ఒక వాట్ తెల్ల ఎల్ఈడీలు రెండు సిరీస్‌లో పెడితే సుమారు 6.4 వోల్టులు తింటాయి. వాటికి 27 ఓమ్ రెసిస్టర్ ఒక్కటే పెడితే బ్యాటరీ దిగినప్పుడు 160 మిల్లీఆంపియర్లు, ఎక్కినప్పుడు 300 పారుతుంది. వెలుగు నిలవదు.

కరెంటును నిలకడగా ఉంచే పని ఎల్ఎం317 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ ఐసీ చక్కగా చేస్తుంది. అవుట్, అడ్జస్ట్ కాళ్ల మధ్య ఎప్పుడూ 1.25 వోల్టులు ఉండేలా చూడటమే దాని పని. ఆ మధ్యలో 4.7 ఓమ్ రెసిస్టర్ పెడితే ఎల్ఈడీల్లో పారే కరెంటు 1.25 ÷ 4.7, అంటే 266 మిల్లీఆంపియర్లు. 350 తట్టుకునే ఎల్ఈడీకి ఇది క్షేమం. రెసిస్టర్ 1 వాట్‌ది కొనండి. పావు వాట్‌ది మాడిపోతుంది.

ఐసీ మీది అక్షరాలు మనవైపు ఉంటే ఎడమ నుంచి అడ్జస్ట్, అవుట్, ఇన్ కాళ్లు. 7805 అనే ఇంకో రెగ్యులేటర్ ఐసీ వాడిన చెయ్యి ఇక్కడే పొరబడుతుంది, దాని కాళ్ల వరుస వేరు. బ్యాటరీ ప్లస్ నుంచి 1 ఆంపియర్ ఫ్యూజు, తర్వాత ఇన్ కాలు. అవుట్ నుంచి రెసిస్టర్, దాని రెండో కొస అడ్జస్ట్‌కి. అక్కణ్నుంచే ఎల్ఈడీల ప్లస్‌కి వైరు. చివరి మైనస్ బ్యాటరీ మైనస్‌కి. మల్టీమీటర్‌తో రెసిస్టర్ రెండు కొసల మధ్య 1.25 చూపిస్తే పని అయినట్టే.

14.4 దగ్గర ఐసీ ఒక్కటే 1.8 వాట్ల వేడి మోస్తుంది. హీట్‌సింక్ లేకపోతే కాసేపటికి తనే కరెంటు తగ్గించేసుకుంటుంది. దాని లోహపు వీపు అవుట్ కాలికే కలిసి ఉంటుంది కాబట్టి, ఆటో బాడీకి బిగించాలంటే కరెంటు బాడీలోకి పోకుండా మైకా ముక్క, ప్లాస్టిక్ బుష్ తప్పనిసరి. ఎల్ఈడీలకూ అల్యూమినియం పలక కావాలి. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరంలో అయితే టంకాల మీద వార్నిష్ పూయండి, ఉప్పుగాలి ఊరుకోదు.

మూడో ఎల్ఈడీ కలిపే ఆశ వద్దు. మూడు ఎల్ఈడీల 9.6 వోల్టులకి ఐసీకి, రెసిస్టర్‌కి కావలసిన మూడు వోల్టులు కలిస్తే 12.6 అవుతుంది, బ్యాటరీ కాస్త దిగగానే కరెంటు పడిపోతుంది.