కారుకు కొత్త బ్యాటరీ: కొనే ముందు ఏం కొలవాలి, ఏం చదవాలి

తాళం తిప్పగానే సెల్ఫ్ టక్‌టక్‌మని ఆగిపోతే చాలామంది నేరుగా కొత్త బ్యాటరీ కొనేస్తారు. కొన్నాళ్లకు కొత్తది కూడా దిగిపోతుంది. అసలు తప్పు ఛార్జింగ్‌లోనో, వదులైన టెర్మినల్‌లోనో ఉంటే ఎంత మంచి బ్యాటరీ పెట్టినా ఫలితం అదే. అందుకే ముందు పాతదాన్ని పరీక్షించాలి. ఒక మామూలు మల్టీమీటర్ చాలు.

పాత బ్యాటరీ నిజంగా పోయిందా

రాత్రంతా కారు కదలకుండా ఉన్నాక పొద్దున కొలవండి. అప్పుడే నడిపి ఆపిన కారులో కొలిస్తే పైపైన నిలిచిన ఛార్జ్ వల్ల అంకె ఎక్కువగా కనిపిస్తుంది. మీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద పెట్టి ఎర్ర తీగ ప్లస్‌కు, నల్ల తీగ మైనస్‌కు ఆనించండి. 12.6, ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే దాదాపు ముప్పాతిక, 12.2 అంటే సగం. 12 దగ్గరికి వచ్చిందంటే పావు వంతే మిగిలింది. ఏజీఎం రకంలో (ఆమ్లాన్ని గాజు పీచు పొరల్లో ఇముడ్చుకున్న సీల్డ్ బ్యాటరీ) నిండుగా ఉంటే 12.8 పైన చూపిస్తుంది.

అంకె తక్కువగా ఉన్నంత మాత్రాన బ్యాటరీ చచ్చిందని కాదు. లైట్లు వేసి మర్చిపోయినా ఇంతే చూపిస్తుంది. ఛార్జర్‌తో పూర్తిగా ఛార్జ్ చేసి, ఒక రాత్రి అలాగే వదిలేసి మళ్లీ కొలవండి. 12.4 కన్నా దిగితే లోపల పాడైనట్టే. ఎంత ఛార్జ్ చేసినా 10.5 దగ్గరే నిలబడితే ఒక సెల్ షార్ట్ అయింది. బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి 2.1 వోల్టులు. ఆరింటిలో ఒకటి పోతే మిగిలేది సరిగ్గా ఆ లెక్కే. దానికి ఇక వైద్యం లేదు.

తర్వాత ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని, ఆ క్షణంలో మీటర్ చూడండి. వాతావరణం మరీ చల్లగా లేనప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోతే బ్యాటరీలో సత్తువ లేదు. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.7 మధ్య ఉండాలి. ఇంజన్ నడుస్తున్నా 12.5 దగ్గరే ఉంటే హెడ్‌లైట్లు, ఏసీ బ్లోవర్ వేసి చూడండి. కొత్త తరం కార్లలో కంప్యూటర్ కావాలనే ఛార్జింగ్ తగ్గిస్తుంది, లోడు పడితే మళ్లీ పెంచుతుంది. అప్పటికీ పెరగకపోతే చూపించాల్సింది ఇంజన్ తిరుగుతుండగా ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను, బ్యాటరీని కాదు.

చాలామంది వదిలేసే పరీక్ష ఒకటుంది. మీటర్ ఒక మొనను సీసం పోస్టు నడినెత్తిన, రెండో మొనను దాన్ని పట్టుకున్న క్లాంప్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. రెండూ ఒకదాన్నొకటి తాకుతున్నవే కాబట్టి అంకె సున్నా దగ్గరే ఉండాలి. 0.2 వోల్టులు దాటితే ఆ రెంటి మధ్య కంటికి కనిపించని పొర పేరుకుని కరెంటును అడ్డుకుంటోంది. క్లాంప్ విప్పి చూస్తే లోపలి అంచున నల్లటి మసి, బయట తెల్లగానో పచ్చగానో పొడి కనిపిస్తాయి. గ్లాసు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తుడిచి, ఆరాక గరుకు కాగితంతో సీసం మెరిసేదాకా గీకండి. పైన మూతలున్న బ్యాటరీ అయితే ఆ నీళ్లు లోపలికి వెళ్లకుండా చూడాలి. ఇంతటితోనే కారు మామూలుగా స్టార్ట్ అయితే బ్యాటరీ ఖర్చు తప్పినట్టే.

కారు రెండు మూడు రోజులు నిలిపితేనే దిగిపోతుంటే కరెంటు ఎక్కడో కారుతోంది. మైనస్ తీగ విప్పి దానికీ పోస్టుకూ మధ్య మీటర్‌ను 10 ఆంపియర్ల స్థానంలో పెట్టి, తలుపులన్నీ మూసి కనీసం అరగంట ఆగండి. లోపలి కంప్యూటర్లు నిద్రలోకి వెళ్లాక 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. ఈ అమరికలో ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకూడదు, మీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది.

ముందు ట్రేలో పట్టాలి

పాతదే పోయిందని తేలాక, కొత్తదాని శక్తి గురించి ఆలోచించే ముందు దాని ఒళ్లు కొలవండి. పొడవు, వెడల్పు, పోస్టులతో కలిపి ఎత్తు. పొడవు తక్కువైతే బ్యాటరీని ట్రేలో అదిమి ఉంచే పట్టీ పట్టదు. గతుకుల్లో ఊగే బ్యాటరీలో ప్లేట్ల మీది పదార్థం రాలి అడుగున పేరుకుని సెల్స్‌ను షార్ట్ చేస్తుంది. ఎత్తు ఎక్కువైతే ప్రమాదం ఇంకా పెద్దది: బానెట్ మూసినప్పుడు ప్లస్ పోస్టు ఇనుముకు తగిలి మంటలు రావచ్చు.

పాత బ్యాటరీ మీది కోడ్ చూసి కొనడం సులువే, కానీ దాన్ని పెట్టినవాళ్లే తప్పు పెట్టి ఉండొచ్చు. కారు మాన్యువల్‌తో ఒకసారి సరిపోల్చుకోండి.

జపాన్ పద్ధతిలో 55డి23ఎల్ అని ఉంటుంది. 55 అనేది పనితీరు సంఖ్య. దాన్ని ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే నిల్వ) అనుకోవడం అందరూ చేసే పొరపాటు. డి అనే అక్షరం వెడల్పు, ఎత్తుల తరగతి. 23 అంటే పొడవు సుమారు 23 సెంటీమీటర్లు. చివరి అక్షరం పోస్టులు ఎటున్నాయో చెబుతుంది. యూరప్ పద్ధతిలో ఎల్ఎన్1 పొడవు 207 మిల్లీమీటర్లు, ఎల్ఎన్2 242, ఎల్ఎన్3 278; అన్నింటికీ వెడల్పు 175, ఎత్తు 190. ఎల్‌బీ అని మొదలైతే అదే కొలతలో ఎత్తు 175 మాత్రమే. జర్మన్ అంకెల పద్ధతిలో 560తో మొదలైతే అది 12 వోల్టుల, 60 ఏహెచ్ బ్యాటరీ, అంటే మూడంకెల్లోంచి 500 తీసేయాలి.

చివరనున్న ఎల్, ఆర్ అక్షరాలను మాత్రం నమ్ముకోకండి. ఒకరు దాన్ని ప్లస్ ఉన్న వైపు అంటారు, ఇంకొకరు మైనస్ ఉన్న వైపు అంటారు. పోస్టులు మీకు దగ్గరగా ఉండే వైపున నిలబడి, ప్లస్ కుడిచేతి వైపుందా ఎడమచేతి వైపుందా చూసి ఫోన్‌లో ఫోటో తీసుకోండి. దుకాణంలో కొత్తదాన్ని అలాగే తిప్పి పెట్టించి ఫోటోతో పోల్చండి. అటుదిటయితే తీగలు చాలవు; లాగి బలవంతాన తగిలించే తొందరలో ప్లస్‌కు మైనస్ పెడితే ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు, పెద్ద ఫ్యూజులు ఒక్క క్షణంలో పోతాయి.

పోస్టు లావు కూడా చూడాలి. మామూలు లావు పోస్టుల్లో అడుగున ప్లస్ 19.5 మిల్లీమీటర్లు, మైనస్ 17.9. సన్న పోస్టుల్లో 14.7, 13. చిన్న జపాన్ సైజుల్లో రెండు రకాలూ దొరుకుతాయి; 46బి24ఎల్ఎస్ లాంటి కోడ్‌లో చివరి ఎస్ లావు పోస్టుకు గుర్తు. లావు క్లాంప్ సన్న పోస్టు మీద ఎంత బిగించినా చేత్తో తిప్పితే తిరుగుతుంది. కొందరు మధ్యలో రేకు ముక్క దోపుతారు. కొన్ని వారాలు నడిచి, వేడెక్కి, మళ్లీ అదే టక్‌టక్. సరైన పోస్టున్న బ్యాటరీయే అడగండి. ఏమాత్రం వీలు కాకపోతే అందుకోసమే చేసిన సీసం తొడుగు వాడాలి.

ఏ రకం

సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే కారయితే ఇక్కడ రాజీ వద్దు. అలాంటి కార్లకు ఈఎఫ్‌బీ (మామూలు రకాన్నే మరింత గట్టిగా చేసినది) గానీ ఏజీఎం గానీ వస్తుంది. ఏజీఎం ఉన్నచోట ఏజీఎమ్మే పెట్టాలి. ఈఎఫ్‌బీ ఉన్నచోట ఈఎఫ్‌బీ చాలు. సాధారణ బ్యాటరీ పెడితే మొదట్లో బాగానే ఉన్నట్టుంటుంది. అయితే రోజుకు పదుల సార్లు కొంత దిగి మళ్లీ ఎక్కడానికి దాని ప్లేట్లు చేసినవి కావు, త్వరలోనే చేతులెత్తేస్తుంది. జపాన్ కోడ్‌లలో ఎం-42, ఎన్-55, క్యూ-85, ఎస్-95 అని ఉంటే అవి ఈ రకం కార్ల కోసం చేసినవి. క్యూ అంటే డి23 డబ్బా, ఎస్ అంటే డి26.

ఆగి స్టార్ట్ అయ్యే ఏర్పాటు లేని కారుకు మామూలు బ్యాటరీ సరిపోతుంది. ఇంజన్ పక్కనే వేడిలో ఉండే బ్యాటరీకి ఏజీఎం పెట్టడం లాభమని నేను అనుకోను. సుమారు పది డిగ్రీల వేడి పెరిగితే సీసం బ్యాటరీ ఆయుష్షు సగమవుతుందన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. ఏజీఎంలో ఆవిరైన నీటిని తిరిగి పోసే దారే లేదు. మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోసే రకంలో ఆ అవకాశముంది, కాకపోతే నెలకోసారి చూసే ఓపిక ఉండాలి. ఓపిక లేనివాళ్లకు సీల్డ్ రకమే మేలు. పైన పచ్చగా కనిపించే కన్ను ఒక్క సెల్ సంగతే చెబుతుంది, మిగతా అయిదింటి గురించి దానికి తెలియదు.

అంకెలు

ఏహెచ్ అంటే నిల్వ. 60 ఏహెచ్ బ్యాటరీ మూడు ఆంపియర్ల చొప్పున ఇరవై గంటలు ఇవ్వాలి. సీసీఏ అంటే చలిలో సెల్ఫ్‌కు ఇచ్చే దెబ్బ: మైనస్ 18 డిగ్రీల దగ్గర 30 సెకన్ల పాటు 7.2 వోల్టులకు తగ్గకుండా ఇవ్వగల ఆంపియర్లు. ఇది అమెరికా పద్ధతి. యూరప్ పద్ధతిలో కొలత 10 సెకన్లకు, 7.5 వోల్టుల దగ్గర. పాత జర్మన్ పద్ధతి మరీ కఠినం, అందులో 360 అని రాసినది యూరప్ లెక్కలో దాదాపు 600 అవుతుంది. అంకె పక్కన ఏ పద్ధతో చూడకుండా రెండు బ్యాటరీలను పోల్చడం వృథా.

తయారీదారు చెప్పిన ఏహెచ్, సీసీఏలకు తగ్గకూడదు. డీజిల్ ఇంజన్‌లో ఒత్తిడి ఎక్కువ కాబట్టి సీసీఏ అస్సలు తగ్గకూడదు. ఎక్కువ పెడితే సెల్ఫ్ మోటారు కాలిపోతుందన్న భయం అక్కర్లేదు, అది తనకు కావలసినంతే లాక్కుంటుంది. అలాగని అంకె చూసి మోజు పడాల్సిన పనీ లేదు. అదే డబ్బాలో సీసీఏ పెంచాలంటే ప్లేట్లు పలచగా, ఎక్కువ సంఖ్యలో పెట్టాలి. పలచటి ప్లేటు వేడికి త్వరగా తినేసుకుపోతుంది. ఎండలు మండే చోట కారు ఉంటే, ఒకే సైజు, ఒకే రకం రెండింటిలో బరువైనదాన్ని తీసుకోండి. బరువంటే సీసం.

ఎప్పుడు తయారైంది

బ్రాండ్ కన్నా దీనికే ఎక్కువ విలువ ఇవ్వాలి. వాడకపోయినా బ్యాటరీ తనలో తాను దిగుతూనే ఉంటుంది, దిగి అలాగే కూర్చుంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. తయారీ తేదీ లేబుల్ మీదో, మూత పక్కన ప్లాస్టిక్‌లో గుద్దిన కోడ్‌గానో ఉంటుంది. ఆ కోడ్ ఎలా చదవాలో అమ్మేవాళ్లనే అడగండి. మూడు నెలల లోపుదైతే మంచిది, ఆరు నెలలు దాటితే వద్దనండి. అక్కడే మీటర్ పెట్టించి చూడండి: 12.5, ఆపైన ఉంటే తీసుకోండి, 12.4 కన్నా తక్కువైతే ఇంకోటి తెమ్మనండి. ఒంటి మీద ఉబ్బు, పోస్టు చుట్టూ తడి, పోస్టు మీద క్లాంప్ పట్టిన గీతలు ఉన్నాయేమో చూడండి. గీతలుంటే అది ఎక్కడో వాడి తెచ్చింది.

వారంటీ కాగితంలో పూర్తిగా ఉచితంగా మార్చే కాలం ఎంత, తర్వాత కొంత తగ్గింపుతో ఇచ్చే కాలం ఎంత అన్నది విడిగా చదవండి. పెద్ద అక్షరాల్లో కనిపించేది తరచూ ఆ రెండింటి మొత్తం.

బిగించేటప్పుడు

కారు ఆపి, తాళం జేబులో వేసుకుని, ముందు మైనస్ విప్పండి. ఎక్కువ కార్లకు 10 నంబరు పానా సరిపోతుంది. ప్లస్ ముందు విప్పితే పానా బాడీకి తగిలిన క్షణంలో షార్ట్ అవుతుంది. మైనస్ తీసేశాక ఆ భయం లేదు. పెట్టేటప్పుడు తిరగేసి: ప్లస్ ముందు, మైనస్ చివర. క్లాంప్ ఎక్కకపోతే సుత్తితో కొట్టొద్దు, లోపల పోస్టు అతుకు విరుగుతుంది. క్లాంప్ నోరు కాస్త వెడల్పు చేసి దించి, చేత్తో తిప్పితే కదలనంత బిగించండి. ఆ తర్వాతే పైన పెట్రోలియం జెల్లీ రాయాలి.

బ్యాటరీ డిక్కీలోనో సీటు కిందో ఉంటే దానికి సన్నటి గాలి గొట్టం ఉంటుంది. పాతదాని నుంచి తీసి కొత్తదానికి తగిలించి, రెండో వైపు రంధ్రానికి బిరడా పెట్టండి. ఛార్జ్ అవుతున్నప్పుడు వచ్చే హైడ్రోజన్ కారు లోపల చేరకూడదు.

మైనస్ క్లాంప్ మీద చిన్న డబ్బాలాంటి సెన్సార్ ఉంటే, కొత్త బ్యాటరీ వచ్చిందని స్కానర్‌తో కారుకు చెప్పించాల్సి రావచ్చు. అవసరమైన కారులో అది చేయకపోతే పాత ముసలి బ్యాటరీ అనుకునే ఛార్జ్ చేస్తుంది. కిటికీ అద్దాలను ఒకసారి పూర్తిగా దించి, పూర్తిగా ఎక్కించి బటన్ కొద్ది సెకన్లు పట్టి ఉంచితే చాలా కార్లలో వాటి ఆటో పనితీరు తిరిగొస్తుంది. స్టీరియోకు కోడ్ ఉంటే విప్పకముందే దగ్గర పెట్టుకోండి.

మర్నాడు పొద్దున కారు తీయకముందు ఒకసారి వోల్టేజి కొలిచి, తేదీతో సహా చిన్న స్టిక్కర్ మీద రాసి బ్యాటరీ పక్కన అంటించండి. వారం తర్వాత అదే వేళకు మళ్లీ కొలవండి, క్లాంపులూ ఒకసారి తడిమి చూడండి. ఆ వారమంతా కారు బాగానే తిరిగినా అంకె 12.4 కన్నా దిగితే ఆల్టర్నేటర్‌ను, కారుతున్న కరెంటును వెతకాలి. అవి రెండూ సరిగ్గా ఉంటే బిల్లు, వారంటీ కార్డు తీసుకుని దుకాణానికి బయల్దేరండి.