షోకేసు బొమ్మల్ని మళ్ళీ హాల్లోకి తెచ్చుకుందాం

విజయవాడలో మా అమ్మావాళ్ళింట్లో హాలు గోడలోనే కట్టిన షోకేసు ఒకటి ఉండేది, పక్కకి జరిపే అద్దాలతో. అందులో కొండపల్లి అంబారీ ఏనుగు, తల ఊపే తంజావూరు బొమ్మ, మా పిన్ని నైలాన్ దారంతో అల్లిన పూసల చిలక, ఎవరో గల్ఫ్ నుంచి తెచ్చిన సెంటు సీసా, నాకు స్కూల్లో పరుగు పందెంలో వచ్చిన ప్లాస్టిక్ కప్పు, అన్నీ ఒకే అరలో ఉండేవి. ఒకదానికొకటి పొంతనే లేదు. అయినా ఇంటికొచ్చినవాళ్ళు చెప్పులు విప్పి ముందు అక్కడికే వెళ్ళి నిలబడేవాళ్ళు. ఇప్పుడేమో తెల్ల గోడలు, బూడిద రంగు సోఫాలు వేసుకుని, ఆ సామానంతా అట్టపెట్టెల్లో కట్టి అటకెక్కించేశాం. నాకైతే ఆ గాఢమైన రంగులు, ఆ తళుకులు లేని ఇల్లు ఇల్లులా అనిపించదు. మూడేళ్ళుగా హైదరాబాద్‌లో మా డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లోనే ఆ పాత సామాన్లని పండగల వారీగా మార్చి మార్చి పెడుతున్నాను. ఎలా చేస్తున్నానో చెప్తాను, మీ ఇంటికి కుదిరినంత తీసుకోండి.

ముందే ఇల్లంతా మార్చెయ్యకండి. ఒక్క చోటు చూసుకోండి చాలు, టీవీ పక్క అర కావచ్చు, చెప్పుల స్టాండ్ పైభాగం కావచ్చు. ఎండ నేరుగా పడకూడదు, పిల్లల చేతికి అందే ఎత్తులో ఉండాలి. ఈ రెండోది నాకు ముఖ్యం, ముట్టుకోకూడని బొమ్మ మీద పిల్లలకి ప్రేమ ఎలా పుడుతుంది? వెనక గోడ తెల్లగా ఉంటే బొమ్మలు వెలవెలబోతాయి, అందుకని చిరుగు పట్టిన పట్టుచీర ముక్క ఏదైనా అట్టకి చుట్టి వెనక నిలబెట్టండి. మామిడిపండు రంగు కానీ నెమలికంఠం రంగు కానీ అయితే కొండపల్లి ఎరుపూ పసుపూ ఎంత బాగా కనిపిస్తాయో మీరే చూస్తారు.

సామాను కొనక్కర్లేదు, అడగాలి. అమ్మని, అత్తయ్యని, మేనత్తలని. "పాత దిండు గలీబులేమైనా ఉన్నాయా, స్వీట్ డ్రీమ్స్ అని కుట్టినవి?" అని అడిగితే మా అత్తయ్య బీరువా అడుగు నుంచి నాలుగు తీసిచ్చారు, పెళ్ళికి ముందు ఆవిడ చేత్తో కుట్టినవి, ఒక్కో మూల గులాబీ, దాని చుట్టూ ఆకుపచ్చ గొలుసు కుట్టు. ఊలు పువ్వులు, క్రోషా అల్లిన టీవీ కవర్లు, పూసల తోరణాలు, పేర్లు కొట్టించిన స్టీలు గిన్నెలు, అన్నీ ఇలాగే బయటికొస్తాయి. గిన్నెల మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరూ తేదీ ఒకసారి చదవండి. ఎవరి పెళ్ళికి ఎవరిచ్చారో, ఏ గృహప్రవేశానికి పంచారో అందులోనే ఉంటుంది. మా ఇంట్లో అలాంటి గిన్నెలో ఇప్పుడు తాళంచెవులు వేస్తున్నాం.

ఇక శుభ్రం చెయ్యడం. ఇక్కడ తొందరపడితే బొమ్మలు పాడైపోతాయి. కొండపల్లి బొమ్మల్ని తెల్ల పొణికి అనే చాలా తేలికైన చెక్కతో చేస్తారు, చేతులూ కాళ్ళూ తొండమూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. అంటే నీళ్ళు తగిలితే రంగే కాదు, అతుకు కూడా ఊడి రావచ్చు. పిల్లలు బొమ్మలేసుకునే మెత్తటి బ్రష్ పొడిగా తీసుకుని పైనుంచి కిందకి దులపండి, మడతల్లో దుమ్ము ఉంటే నోటితో ఊదండి, అంతే.

ఏటికొప్పాక లక్కబొమ్మలది వేరే లెక్క. వాటికి అంకుడు కర్ర వాడతారు. తిరిగే కర్రకి రంగు కలిపిన లక్క ముక్కని నొక్కిపెడితే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరది, 2025 గణతంత్ర దినోత్సవ పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం కూడా ఈ బొమ్మలదే. వేడికి పట్టిన లక్క వేడికే మెత్తబడుతుంది కాబట్టి ఎండలోనో దీపం పక్కనో పెట్టకండి. ఇంకో సంగతి, స్పిరిట్‌కి లక్క కరిగిపోతుంది. 2020లో అన్నిటినీ శానిటైజర్‌తో తుడుస్తున్న రోజుల్లో మా అమ్మాయి బొంగరాన్ని కూడా అలాగే తుడిచాను, పసుపు రంగంతా గుడ్డకి అంటుకుని వచ్చేసింది, బొంగరం మీద తెల్లటి మచ్చ పడిపోయింది. ఇప్పటికీ దాన్ని చూస్తే నాకు బాధే. పొడి నూలు గుడ్డతో తుడవండి, లక్కకి అంతకంటే ఏమీ అక్కర్లేదు.

ప్లాస్టిక్ వైరు బుట్టల్ని మాత్రం ధైర్యంగా కడగొచ్చు. కుంకుడు రసం, పాత టూత్‌బ్రష్, అల్లిక సందుల్లో బాగా రుద్ది నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే పాత వైరు పెళుసెక్కి విరుగుతుంది. ఆరాక దాన్ని షోకి పెట్టకండి, కూరగాయలకి తీసుకెళ్ళండి. రైతుబజార్‌లో కనీసం ఇద్దరైనా ఆపి ఎక్కడ కొన్నావమ్మా అని అడుగుతారు.

దేవుడి క్యాలెండర్లంటే నాకు ప్రాణం. శివకాశిలో అచ్చయ్యి, కింద కిరాణా కొట్టు పేరుతో మన గోడకెక్కిన లక్ష్మీదేవి వెనక పెద్ద చరిత్రే ఉంది. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టాకే రంగుల దేవుళ్ళ పటాలు మామూలు ఇళ్ళకి ఇంతగా చేరాయి. ఆ పటాల మీద చీరకి జరీ, నగలకి చమ్కీలు అంటించి అలంకరించుకున్నవాళ్ళు ఎంతోమంది. మీ దగ్గర పాత క్యాలెండర్ ఉంటే పైన రేకు పట్టీ జాగ్రత్తగా విప్పి, బొమ్మని బరువైన పుస్తకాల కింద వారం రోజులు ఉంచండి. ముడతలు పోయాక ఫ్రేమ్ కట్టించండి. అద్దం నేరుగా కాగితానికి తగలకుండా చుట్టూ అట్ట పట్టీ వెయ్యమని చెప్పండి, లేకపోతే తేమకి కాగితం అద్దానికి అతుక్కుపోతుంది. కొట్టు పేరు మాత్రం కత్తిరించకండి, అసలు అందం అక్కడే ఉంది.

కాలాన్ని బట్టి మార్చడం పెద్ద పనేం కాదు. ఉగాదికి మామిడాకులు, వాటి పైనే పూసల తోరణం కూడా, రెండూ కలిపి కట్టండి. ఎండాకాలం ఆ అరలో బొమ్మలన్నీ తీసేసి ఒక మట్టి కూజా, స్టీలు గ్లాసు, చిన్న పళ్ళెంలో మల్లెమొగ్గలు పెడితే చాలు, చూడగానే చల్లగా ఉంటుంది. వినాయక చవితికి పాలవెల్లి కట్టి వెలక్కాయ, మొక్కజొన్న పొత్తు, సీతాఫలం వేలాడదీస్తాం కదా, మా ఇంట్లో వాటి మధ్యన ఊలు పువ్వులు కూడా వేలాడతాయి.

అన్నిటికన్నా పెద్ద సంబరం సంక్రాంతి బొమ్మల కొలువు. కొందరు దసరాకి పెడతారు, మాకు మాత్రం భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి, మూడు సరిపోతాయి. కింద రెండు సూట్‌కేసులు, మధ్యలో పాత పుస్తకాల కట్టలు, పైన స్టీలు డబ్బాలు వరసగా పేర్చి మీద తెల్ల పంచె పరచండి. బరువు పెట్టి ఊపి చూశాకే బొమ్మలు ఎక్కించండి. పై మెట్టున దేవుళ్ళు, మధ్యలో మనుషులు, కింద ఊరు. ఆ ఊరే పిల్లల రాజ్యం. వారం ముందు ఒక పళ్ళెంలో మట్టి పోసి ఆవాలు చల్లి, రోజూ కాసిన్ని నీళ్ళు చిలకరిస్తే పండగ నాటికి పచ్చటి పొలం తయారు. అద్దం ముక్క పెడితే చెరువు, దాని గట్టున కొండపల్లి తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు. పోయినేడు మా అమ్మాయి ఆ పొలం గట్టు మీద తన ఎర్ర రిమోట్ కారు పెట్టింది. మా అత్తయ్య ఏమంటారో అని నాకు కొంచెం టెన్షన్ పడ్డ మాట నిజం, ఆవిడేమో "అల్లుడొచ్చాడనుకో, పండక్కి కార్లోనే వస్తాడు మరి" అని కారు ముందు నాలుగు చామంతి రేకులు చల్లారు.

ప్లాస్టిక్ బొమ్మ, మట్టి బొమ్మ, తిరునాళ్ళలో కొన్న గొలుసు కుక్క, అన్నీ రావొచ్చు కొలువులోకి. రంగులు కలవలేదే అని బాధపడకండి, ఎక్కువ పెట్టేకొద్దీ అవే కలిసిపోతాయి. సాయంత్రం పేరంటానికి పిలిచినప్పుడు పక్క ఫ్లాట్ల పిల్లల్ని వాళ్ళ బొమ్మ ఒకటి తెచ్చి పెట్టమనండి, ఆ మూడు రోజులూ వాళ్ళు రోజుకి నాలుగుసార్లు చూసుకోడానికి వస్తారు, శనగలు కూడా ఎక్కువ నానబెట్టుకోవాలి.

కనుమ రాత్రి ఒక బొమ్మని పడుకోబెట్టి, మర్నాడు సర్దేటప్పుడు ఒక్కోదాన్ని పాత నూలు చీర ముక్కలో చుట్టండి. న్యూస్ పేపర్ వద్దు, సిరా అంటుతుంది. మధ్య మధ్యలో ఎండిన వేపాకు వేసి, పెట్టెలో ఏమేమున్నాయో చీటీ రాసి మూతకి లోపలివైపు అంటించండి. మా చీటీ ఈసారి మా అమ్మాయే రాసింది. ఏనుగు, చిలక, తాత బొమ్మ, నా కారు అని. కారు మాత్రం పెట్టెలో లేదు, రోజూ ఆడుకోడానికి బయటే ఉంచుకుంది.