గ్యాస్ బాయిలర్ వెలిగించే ముందు జాగ్రత్తలు

- గ్యాస్ వాసన వస్తే అగ్గిపుల్ల, స్విచ్ ఏదీ ముట్టుకోవద్దు. ముందు బయటికి వెళ్లి, అక్కడి నుంచి ఫోన్ చేయండి.
- కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. దాన్ని పసిగట్టే అలారం టెస్ట్ బటన్ నొక్కి చూడండి.
- గాలి వచ్చే జాలీలకు ఏదీ అడ్డం ఉండకూడదు. ఒక ఘనమీటరు సహజవాయువు మండాలంటే దాదాపు 10 ఘనమీటర్ల గాలి కావాలి. చలి వేస్తోందని జాలీలో గుడ్డలు కుక్కేవాళ్లున్నారు. అది ప్రాణాల మీదికి తెచ్చే పని.
- పొగగొట్టం అతుకులు ఊడాయా, తుప్పు పట్టిందా, పైన పిట్టగూడు ఉందా చూడండి.
- డ్రాఫ్ట్ హుడ్ (పొగగొట్టం మొదట్లో, గదిలోకి తెరిచి ఉండే గొడుగులాంటి భాగం) ఉన్న బాయిలరైతే ఈ పరీక్ష మానొద్దు: కిటికీలు, తలుపులు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లన్నీ వేయండి. బాయిలర్ వెలిగించిన 5 నిమిషాలకు, ఆర్పిన అగ్గిపుల్ల పొగను హుడ్ అంచున పట్టండి. పొగ లోపలికి లాగాలి. గదిలోకి తన్నిందా, వెంటనే బాయిలర్ ఆపి, కిటికీలు తెరిచి, టెక్నీషియన్‌ని పిలవండి.