దసరాకి పాత పోర్షే 911 కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చూడండి

- ముందు దిగుమతి కాగితాలు. బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి అప్పుడు కస్టమ్స్‌కి ఇచ్చే పత్రం)లోని ఛాసిస్ నంబరు, కారు మీద చెక్కిన ఛాసిస్ నంబరు ఒకటే అవ్వాలి. సుంకం ఎగ్గొట్టిన కారైతే కస్టమ్స్ వాళ్లు కొన్నవాళ్ల దగ్గరే స్వాధీనం చేసుకుంటారు. 2025లో భూటాన్ మీదుగా వచ్చిన కార్ల విషయంలో కేరళలో జరిగింది అదే. ధర మరీ తక్కువగా ఉంటే మొదటి అనుమానం దీనిమీదే పెట్టుకోండి.

- వేరే రాష్ట్రం నంబరా? ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది కలిపాకే అసలు ధర తేలుతుంది.

- పాత లోన్ తీరినట్టు బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) అడగండి.

- ఓవర్‌రెవ్ రిపోర్టు అడగండి. ఇంజిన్‌ని ఎంత మితిమీరి తిప్పారో కారు కంప్యూటర్‌లో నమోదై ఉంటుంది. నా దృష్టిలో కిలోమీటర్ల అంకె కంటే ఇదే ముఖ్యం.

- టైరు పక్కన నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గాడి ఎంత లోతున్నా రబ్బరు ముసలిదే, ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి.

- సిరామిక్ బ్రేకులుంటే డిస్కు అంచులు టార్చి వేసి చూడండి. పెచ్చు లేచిందంటే ఖర్చు లక్షల్లోనే.

- ప్రకటనల్లో కనిపించేది అడిగే ధర. అమ్ముడైన ధర కాదు.